ఆంధ్రుల పేకాటలు: పెంపు, పోటీ, పొత్తు – క్రొత్తవారి ప్రవేశము

ఆటల చరిత్ర వ్రాయువారు సాధారణముగా ఒక ఆట యెచట పుట్టినది, దానిని ఎవరు తెచ్చిరి, ఏ రాజులు ఆదరించిరి అను విషయములనే విచారింతురు. ఆడువారి చుట్టు క్రొత్తగా వచ్చి కూర్చున్నవానికి ఏ స్థానము లభించెనను ప్రశ్న వారికి అంతగా తోచదు. కాని ఒక ఆట తరతరములు నిలుచుటకును, కొన్ని దినములకే పెట్టెలలో మూలబడుటకును ముఖ్యకారణము ఈ ప్రశ్నకు లభించు సమాధానముననే ఉన్నదని చెప్పవచ్చును. ఈ వ్యాసమున తెలుగువారి యెఱుకలోని పేకాటలను ఈ దృష్టితో పరిశీలింప బూనితిని.

వ్యాసమున మూడు మాటలు తఱచుగా వచ్చును గనుక వాని యర్థము ముందుగా చెప్పుట మంచిది. కొన్ని ముక్కలతో ఆరంభమై, అవసరమునుబట్టి మఱికొన్ని ముక్కలు చేర్చుకొనుటకు వీలగు పేకను ‘పెంపు పేక’ అందును. ఎవరి గెలుపు వారిదియై, ఒకరి గెలుపు మఱియొకరి ఓటమి యగు ఆట ‘పోటీయాట’. అందఱును ఒక పక్షముగా నుండి, పేక కల్పించిన చిక్కును కలసి విడదీయు ఆట ‘పొత్తాట’. ఈ మూడును నేటి అంగళ్లలో క్రొత్త సరకువలె కనబడుచున్నను, మొదటి రెండింటికి మన దేశమున నాలుగు వందల ఏండ్లకు మించిన చరిత్ర కలదు.

గంజీఫా పేక

చదరపు కాగితపు పేక రాకమునుపు మన దేశమున ఆడబడినవి గుండ్రని గంజీఫా ముక్కలు. పేరు పారసీకమునుండి వచ్చినది. బాబరు చక్రవర్తి 1527లో సింధుదేశ ప్రభువగు షాహుసేనునకు గంజీఫా పేకను పంపించినట్లు తన ఆత్మచరిత్రమున వ్రాసికొనెను. హిందూస్థానమున ఈ ఆటను గూర్చి లభించు తొలి ప్రస్తావనలలో ఇది ముఖ్యమైనది. తరువాత 16వ శతాబ్ది చివరిభాగమున అబుల్ ఫజలు తన ఐనీ అక్బరీ గ్రంథమున అక్బరు ఆడిన పేకను వివరముగా వర్ణించెను. అందు 12 రంగులు, రంగునకు 12 ముక్కల చొప్పున 144 ముక్కలు. ప్రతిరంగునందును ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి మొదలు పదివఱకు అంకెల ముక్కలు ఉండును.

ఆ రంగుల పేరులు తెలుగువారికి ఆసక్తి కలిగించునట్టివి. అశ్వపతి, గజపతి, నరపతి అనునవి అందు మూడు. గుఱ్ఱపుదళము బలముగా గలవాడు అశ్వపతి, ఏనుగులు బలముగా గలవాడు గజపతి, కాల్బలము గలవాడు నరపతి. ఈ మూడు బిరుదములును మన వాఙ్మయమున సుపరిచితములు. రాయవాచకమున ఈ మూడు సింహాసనముల ప్రసక్తి యున్నది. అందు నరపతి విజయనగర ప్రభువు, గజపతి కటకము నేలిన ఉత్కళరాజు, అశ్వపతి ఢిల్లీ యధిపతి. అబుల్ ఫజలు మాత్రము నరపతికి ఉదాహరణముగా విజాపుర ప్రభువులను పేర్కొనెను. అతడు వ్రాయునాటికి తల్లికోట యుద్ధము (1565) గడచినది. రాజ్యములు మాఱినను పేకలోని రంగు పేరు మాఱలేదు. ఆ పేరునకు అన్వయించు ప్రభువు మాత్రమే మాఱెను. ఆటలోని సంకేతములు రాజ్యములకంటె దీర్ఘాయువులని దీనివలన తెలియుచున్నది.

ఆ గ్రంథముననే 8 రంగుల, 96 ముక్కల పేకయు వర్ణింపబడినది. కిరీటము, ఖడ్గము, వెండి నాణెము, బంగారు నాణెము, సేవకుడు, వాద్యము, పత్రము, సరకు అనునవి ఆ రంగుల గుర్తులు. దేశమున ఎక్కువగా వ్యాపించినది ఈ చిన్న పేకయే. హిందూ కుటుంబములలో దశావతారముల పేక ప్రచారమునకు వచ్చెను. మత్స్యాది దశావతారములకు పది రంగులు, మొత్తము 120 ముక్కలు. పగటివేళ ఆడునపుడు రాముని రాజుముక్క గలవాడును, రాత్రివేళ కృష్ణుని రాజుముక్క గలవాడును ఆట నారంభించు నియమము దీనియందలి చక్కని విశేషము. ధనికులకొఱకు దంతముతోను తాబేటి చిప్పతోను చేసిన పేకను దర్బారు కలమనియు, సామాన్యులకొఱకు గుడ్డముక్కలు అంటించి లక్కపూత పూసిన పేకను బజారు కలమనియు వ్యవహరించిరి. తెలంగాణమున బొమ్మలకును చిత్రములకును ప్రసిద్ధి గన్న నిర్మల గంజీఫా ముక్కలు వ్రాసిన స్థలములలో నొకటి.

ఆడు విధమునుబట్టి చూడగా గంజీఫా కేవలము పోటీయాట. సామాన్యముగా ముగ్గురు ఆడుదురు. జతలు లేవు, తురుపు లేదు. ఒకడు ముక్క దించగా, అదే రంగున పైముక్క గలవాడు ఆ చుట్టును గెలుచుకొనును. దానికి తోడు సగము రంగులలో పది యనునది మంత్రికి తరువాతి పెద్దముక్క. తక్కిన సగమున ఒకటియే పెద్దది, పది యన్నిటికంటె చిన్నది. పడిపోయిన ముక్కలను మఱవక జ్ఞప్తియందుంచుకొనుటయే ఇందలి నేర్పు. 120 ముక్కలలో ఏవి వెడలిపోయినవో, ఏవి మిగిలినవో ఎఱిగినవానిదే విజయము. దీర్ఘకాలము ఆడినవానికి ఇది మహానందము. తొలిదినమున కూర్చున్నవానికి అరణ్యమున దారి తప్పినట్లుండును. అతని ప్రక్కన కూర్చుండి సలహా చెప్పుటకు జతగాడైనను లేడు.

పేక పెరుగుట – రెండు మార్గములు

గంజీఫా కాలక్రమమున పెరిగినది. ఆ పెంపు రెండు విధముల జరిగెను. ఆ రెండింటి ఫలితములును వేఱు. ఈ వ్యాసమునకు ఇదియే కీలకము.

మొదటిది ఉత్కళ మార్గము. మన శ్రీకాకుళ సీమను ఆనుకొనియున్న ఒడిస్సాయందు ఈ ఆటను గంజప యందురు. అచట 8 రంగుల పేక, 10 రంగుల పేక, 12 రంగుల పేక, 16 రంగుల పేకయు కలవు. రామాయణ పాత్రలను చిత్రించిన పేకలును ఉన్నవి. అయితే ఎన్ని రంగులు చేరినను ప్రతిరంగునకును అదే రాజు, అదే మంత్రి, అవే పది అంకెలు. ఎనిమిది రంగులతో ఆడ నేర్చినవాడు పదాఱు రంగుల పేకను చూచి బెదరనక్కఱ లేదు. క్రొత్త బొమ్మలను గుర్తించిన చాలును, నియమము మాఱదు. అనగా పేక పెరిగినను ప్రవేశద్వారము ఎత్తు పెరుగలేదు.

రెండవది మైసూరు మార్గము. మైసూరు ప్రభువగు మూడవ కృష్ణరాజ ఒడయరు (1794–1868) ఆటలయందు అపారమైన ఆసక్తి గల విద్వాంసుడు. ఆయన సంకలనము చేయించిన శ్రీతత్త్వనిధియందు కౌతుకనిధి యను భాగమున అనేక క్రీడలు వర్ణింపబడినవి. ఆయన కల్పించిన ‘చాదు’ పేకలు 36 ముక్కల చిన్నపేక మొదలు 360 ముక్కల మహాపేక వఱకు పెరిగెను. కొన్నింట పదునెనిమిది రంగులు గలవు. రాజు, మంత్రి మాత్రమే గాక రంగునకు ఆఱు బొమ్మముక్కల వఱకు చేరెను. శాశ్వతముగా తురుపులగు ముక్కలును, దేనికైనను మాఱుగా చెల్లు ముక్కలును ప్రవేశించెను. అనగా ఇచట ముక్కలు మాత్రమే గాక నియమములును పెరిగినవి. బుద్ధివైభవమున ఈ పేకలకు సాటి లేదు. చిత్రకళలో నేటికిని అవి గర్వకారణములు. కాని అవి రాజభవనము దాటి ప్రజల యరుగుల మీదికి రాలేదు. 360 ముక్కల ఆటను క్రొత్తవానికి నేర్పుటకు ఎవరికిని తీరిక యుండదు. నేర్చుటకు ఎవరికిని ఓపిక యుండదు.

కావున పెంపు తనంతట తాను దోషము గాదు. క్రొత్త ముక్క పాతనియమమునకు లోబడి వచ్చినచో ఆట విశాలమగును; ప్రతి క్రొత్తముక్కయు ఒక క్రొత్తనియమమును వెంటబెట్టుకొని వచ్చినచో ఆట కోటయగును. లోపలివారికి కోట సుఖమే. బయటివాడు మాత్రము గోడ చూచి తిరిగిపోవును.

ఓడలమీద వచ్చిన పేక

నేడు తెలుగువారు పేక యనునది నాలుగు రంగుల, 52 ముక్కల ఐరోపా పేక. ఇది సముద్రమార్గమున వచ్చినదని దాని పేరులే సాక్ష్యము చెప్పుచున్నవి. ఇస్పేటు, డైమను అను మాటలు ఇంగ్లీషు మాటలకు దగ్గరగా నున్నవి. కాని ఆఠీను, కళావరు అనునవి ఇంగ్లీషునుండి రాజాలవు. డచ్చిభాషలో హృదయపు గుర్తునకు ‘హార్టెన్’ అనియు, మూడాకుల గుర్తునకు ‘క్లావర్’ అనియు పేరులు. హకారము జాఱి ఆఠీను, సంయుక్తాక్షరము విడి కళావరు ఏర్పడుట మన భాషాస్వభావమునకు సహజము. తురుపు అను మాటకు డచ్చివారి ‘త్రూఫ్’ మూలముగా కనబడుచున్నది. తమిళులును ఈ గుర్తులను ఇంచుమించు ఇవే పేరులతో వ్యవహరించుట గమనింపదగినది; ఒకే తీరమునుండి ఒకే వర్తకుల వలన ఉభయభాషలకును ఈ మాటలు అబ్బినవని ఊహింపవచ్చును.

ఆ తీరము మనకు దూరము గాదు. 17వ శతాబ్దారంభమున డచ్చివారు మచిలీపట్టణమునను పులికాటునను వర్తకస్థానముల నేర్పఱచుకొనిరి. పులికాటున 1613లో గెల్డ్రియా కోటను కట్టి, 1690 వఱకు చోళమండల తీరమునకంతకును దానినే ముఖ్యస్థానముగా నుంచుకొనిరి. ఎన్నూరునకు ఉత్తరముననే ఆ సరస్సు, ఆ కోట శిథిలములు, ఆ సమాధులు ఉన్నవి. 1639లో ఇంగ్లీషువారు మదరాసున అడుగిడిన తరువాత ఈ రెండు జాతుల నడుమనున్న తీరభాగమున ఎన్నూరు నిలిచినది. 1806లో మదరాసునుండి ఎన్నూరు వఱకు ఉప్పునీటి కాలువ త్రవ్వబడి, పిదప అది పులికాటు సరస్సు మీదుగా ఆంధ్రతీరమునకు పొడిగింపబడినది. 1878లో అదియే బకింగుహాము కాలువ అని పేరు పొందెను. సరకులును మనుష్యులును మాత్రమే గాక మాటలును ఇట్టి జలమార్గముల వెంబడి ప్రయాణము చేయును. ఆఠీను, కళావరు అని పలుకునపుడెల్ల మనము తెలియకయే పులికాటు వర్తకులను స్మరించుచున్నాము.

ఐరోపా పేక గంజీఫాను తొలగించుటకు అగ్గువ ముఖ్యకారణము. గంజీఫా ముక్క ఒక్కొక్కటియు చేతితో వ్రాయవలసినది. 1831లో థామస్ డి లా ర్యూ అనునతడు పేకలను అచ్చువేయు నూతనవిధానమునకు హక్కు పొందెను. అచ్చుపేక వచ్చిన పిమ్మట చిత్రకారుని పేక నిలువలేకపోయెను. కాని ధర యొక్కటియే కారణమని అనుట సరికాదు. 52 ముక్కలను క్రొత్తవాడు ఒక సాయంకాలమున గుర్తింపగలడు. 120 ముక్కలకు అట్లు కాదు. పైగా అదే పేకతో పిల్లలు ఒక ఆట, పెద్దలు వేఱొక ఆట, ఇద్దఱు ఒక ఆట, ఆఱుగురు మఱియొక ఆట ఆడవచ్చును. ముక్కలు పెరుగకయే ఆటలు పెరుగుట ఈ పేక గొప్పతనము. తెలుగునాట అది ఎంతగా వేరూనినదనగా, గురజాడ అప్పారావుగారు 1909లో పెంచి ప్రకటించిన కన్యాశుల్కమున మధురవాణి యింటి పేకాట ఒక ముఖ్యదృశ్యమైనది. పేకాటలో ఓటమిని తెలుపు ‘బేస్తు’ అను మాట ‘బేస్తుపడుట’ యై, పేక ముట్టనివారి నోటను గూడ విస్మయమునకు పర్యాయమైనది.

జతగాడు

గంజీఫాకును ఈ క్రొత్తపేకతో ఆడు కొన్ని ఆటలకును గల పెద్ద భేదము జతగాడు. దక్షిణదేశమున ప్రసిద్ధమైన ‘ఇరువదియెనిమిది’ ఆటను తీసికొందము. నలుగురు ఎదురెదురుగా కూర్చుండి రెండు జతలగుదురు. జాకీకి మూడు, తొమ్మిదికి రెండు, ఆసునకును పదికిని ఒక్కొక్కటి చొప్పున లెక్కింపగా మొత్తము ఇరువదియెనిమిది యగును. జాకీయు తొమ్మిదియు పెద్దముక్కలగుట ఐరోపాలోని యాసు కుటుంబపు ఆటల లక్షణము. డచ్చివారి క్లావర్యాసు ఆ కుటుంబములోనిదే. ఇచటను ఆ పాత సముద్రమార్గపు జాడ కనబడుచున్నది.

జతయాట పోటీకిని పొత్తునకును నడుమనున్న వంతెన. ఎదుటిజతతో పోటీ, ఎదురుగా నున్నవానితో పొత్తు. నేర్పరి ప్రక్కన క్రొత్తవానిని జతచేసినచో ఆట చెడదు. క్రొత్తవానికి రక్షణయు లభించును. అయితే ఒక చిక్కు కలదు. జతగాని తప్పువలన తానును ఓడవలసి వచ్చును గనుక, నేర్పరి చిఱచిఱలాడును. కొన్నియిండ్లలో జతయాటలు క్రొత్తవానికి పాఠశాలలు. మఱి కొన్నియిండ్లలో న్యాయస్థానములు. భేదము నియమములలో లేదు, కూర్చున్నవారి స్వభావములో నున్నది.

సొమ్ము ప్రవేశించినపుడు

క్రొత్తవానిని మిక్కిలి ప్రేమతో ఆహ్వానించు బల్ల యొకటి యున్నది. అది పందెపు బల్ల. అచట క్రొత్తవాడు అతిథి గాదు, ఆదాయము. ధర్మరాజును సభకు పిలిచినవారును ఎంతో మర్యాదతోనే పిలిచిరి. కావున ఒక ఆట క్రొత్తవారిని పిలుచుచున్నదా లేదా అని మాత్రమే చూడరాదు. అతని ఓటమివలన పిలిచినవానికి లాభమా, అతని నేర్పువలన లాభమా అని చూడవలెను.

ఈ విషయమున న్యాయస్థానముల చరిత్రకును తెలుగునేలకును సంబంధము గలదు. సికిందరాబాదులోని ఒక వినోదసంఘమున రమ్మీ ఆడిన సందర్భమున నడచిన వ్యవహారము సర్వోన్నత న్యాయస్థానమునకు పోయెను. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదయతుల్లాగారు తీర్పు వ్రాయుచు, మూడుముక్కలాట కేవలము అదృష్టముపై నడచునదనియు, రమ్మీయందు పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనవలెను గనుకను, ఏది ఉంచుకొనవలెనో ఏది విడువవలెనో నిర్ణయింపవలెను గనుకను అది ప్రధానముగా నేర్పుతో గూడినదనియు నిర్ణయించిరి. గంజీఫాకు ప్రాణమైన జ్ఞాపకశక్తియే ఇచట రమ్మీని రక్షించెను. అయితే సంఘమువారు ఆ ఆటవలన లాభము తీయుచున్నచో నేరము కావచ్చునని కూడ ఆ తీర్పుననే చెప్పబడినది.

అరువది యేండ్లు తిరుగకమునుపే పేక చరవాణిలోనికి ప్రవేశించెను. క్రొత్తగా చేరువారికి స్వాగతధనమని ఎరవేయు రమ్మీ సంస్థలు బయలుదేరెను. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను ఇట్టి పందెపుటాటలను నిషేధించెను. తమిళనాడు 2021లో చేసిన చట్టమును మద్రాసు ఉన్నతన్యాయస్థానము అదే సంవత్సరము కొట్టివేయగా, 2022లో మఱియొక చట్టము చేయబడెను. 2023లో న్యాయస్థానము రమ్మీ నేర్పుగల ఆటయే యని మరల చెప్పి, నిషేధభాగమును మాత్రము త్రోసివైచెను. తుదకు 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వము సొమ్ముతో నాడు అంతర్జాలపు ఆటలన్నింటిని నిషేధించు చట్టమును చేసెను. నేర్పుగల ఆట యనుట సత్యమే. కాని నేర్పుగల ఆటలో క్రొత్తవాడే నిశ్చయముగా ఓడును. అదృష్టపుటాటలో ఒకప్పుడైనను గెలుచును. సొమ్ము చేరినపుడు నేర్పే క్రొత్తవానికి ఉరియగును. ఈ విపర్యాసమును మన సంసారులు ఎఱిగియుండుట మేలు.

మూయబడిన పొట్లము, తెఱవబడిన పొట్లము

1993లో అమెరికాయందు రిచర్డు గార్ఫీల్డు అను గణితశాస్త్రజ్ఞుడు ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అను పేకను ప్రకటించెను. ఇందు ఆటగాడు ఎవరి పేకను వారే కూర్చుకొనవలెను. ముక్కలు మూయబడిన పొట్లములలో అమ్మబడును. కొన్నపిదప గాని లోపల ఏమున్నదో తెలియదు. తొలికూర్పున మూడు వందలకు లోపుగా నున్న వేర్వేఱు ముక్కలు నేడు ఇరువది వేలు దాటినవి. 1996లో జపానున ఆరంభమైన పోకెమాన్ పేక ఈ మార్గముననే నడచి ప్రపంచమంతటను పిల్లలచేతికి వచ్చినది. మన నగరములలోని పిల్లలకును, అమెరికాలోని తెలుగు కుటుంబముల పిల్లలకును దీని బొమ్మలు పరిచితములే. మైసూరు చాదు పేకకు ఇది ఒకవిధముగా వారసుడు: ప్రతి ముక్కయందును ఒక క్రొత్త నియమము ముద్రింపబడియుండును. చాదు పేక భవనము దాటలేకపోగా ఇది ఎట్లు వ్యాపించెను? క్రొత్తవానికొఱకు సిద్ధముగా కూర్చిన చిన్నపేకలను అమ్మవారే అందించిరి. నియమము ముక్కమీదనే వ్రాసియుండుటచే కంఠస్థము చేయ నక్కఱ లేకపోయెను. అయినను పదియేండ్లు ముక్కలు సేకరించినవాని యెదుట క్రొత్తవాని చిన్నపేక నిలువదు. అచట నేర్పుతోబాటు వ్యయమును పోటీపడును.

దీనికి ప్రతిగా 2008 మొదలు ఒక ప్రచురణసంస్థ, ప్రతి పొట్లమునను ఏ ముక్కలున్నవో ముందే తెలుపు పెంపు పేకలను వెలువరించెను. ఆ పద్ధతిలోనే 2011లో ‘ప్రభు ఉంగరముల’ కథతోను, 2016లో ‘ఆర్కమ్’ అను కల్పితనగరపు భయానక కథలతోను పొత్తాటలు వచ్చినవి. వీనియందు ఆటగాండ్రు పరస్పరము శత్రువులు గారు, పేకయే శత్రువు. ఒకని చేతిలోని మంచిముక్క అందఱికిని మేలు. కావున పాతవాడు తనయొద్ద మిగిలిన ముక్కలను క్రొత్తవానికి ఇచ్చుటకు వెనుదీయడు. పోటీయాటలో ఆయుధమైన సేకరణ, పొత్తాటలో అన్నపుగిన్నె యగును.

అట్లని పొత్తాట దోషరహితమని తలపరాదు. అందఱి లక్ష్యమును ఒక్కటే యగుటచే, అనుభవజ్ఞుడు తక్కినవారి చేతులలోని ముక్కలను గూడ తానే ఆడించుటకు పూనుకొనును. క్రొత్తవాడు ఓడడు, కాని ఆడనుగూడ ఆడడు. పెండ్లివిందున విస్తరిముందు కూర్చుండి ఇతరుడు తినుచుండగా చూచినవాని వలె నుండును. ఈ పెత్తనమును అరికట్టుటకు కొందఱు చక్కని ఉపాయములు కనిపెట్టిరి. 2010లో ఫ్రాన్సుదేశీయుడగు ఆంత్వాన్ బోజా కల్పించిన ‘హనాబి’ యను 50 ముక్కల ఆటలో ఎవని ముక్కలు వానికి కనబడవు. ఇతరులవైపునకు త్రిప్పి పట్టుకొనవలెను. చెప్పదగిన సూచనలు లెక్కకు లోబడియుండును. ఆ ఆటకు 2013లో జర్మనీయందు ఆ యేటి మేటి యాట యను గౌరవము లభించెను. 2019లో వచ్చిన ‘క్రూ’ అను ఆటలో, మన ఇరువదియెనిమిదివలె రంగు ననుసరించి ముక్క దించుటయే యుండును. కాని అందఱును ఒకే పక్షము, మాటలాడుట మాత్రము దాదాపు నిషిద్ధము. మౌనము క్రొత్తవానికి ఇచ్చు గౌరవమని ఈ ఆటలు నిరూపించినవి.

తెలుగు తరగతి యను బల్ల

ఇంతవఱకు చెప్పినది వినోదవిషయమే యైనచో ఈ సంచికయందు దీనికి చోటడుగుట కంతగా హేతువు లేదు. ఎన్నూరు వంటి చోట మన భాషయు ఒక పెంపు పేకయే. అక్షరములు, గుణింతములు, వత్తులు, సంధులు, సమాసములు, పద్యములు – ఒక్కొక్కటిగా చేరు ముక్కలు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడి మదరాసు ఆవల నిలిచిననాటినుండి ఇచటి తెలుగువారి పిల్లలకు ఈ పేకను అందించు భారము అల్పసంఖ్యాకభాషా పాఠశాలలపైనను సంఘములపైనను పడినది. 2006 నాటి చట్టముచే తమిళము అందఱికిని తప్పనిసరి పాఠ్యమైనది. ఉన్నయూరి భాష నేర్చుట ధర్మమే; దానితో మన పిల్లలకు తెలుగునకు మిగులు వేళ తగ్గినదనుటయు యథార్థమే. తరగతికి వచ్చువారిలో పలువురు ఇంట తెలుగు మాటాడుదురు గాని అక్షరమెఱుగరు. సంవత్సరము నడుమ చేరువారును ఉందురు. నేర్చినవారి నడుమ అట్టి బాలుడు కూర్చున్నపుడు అతని స్థితి 120 ముక్కల గంజీఫా ముందు కూర్చున్నవాని స్థితియే.

మా తరగతిలో కొన్నియేండ్లుగా అట్టముక్కలతో ఒక ఆట నడపుచున్నాము. మొదటి పేకలో 36 ముక్కలు. ముక్కకు ఒక అక్షరము. పిల్లలందఱును ఒక పక్షము. పేక అయిపోవులోపల బల్లమీద పది మాటలు కూర్పవలెను. క్రొత్తగా చేరిన బాలుడే మొదటి ముక్కను దించును. రెండు నియమములు ముఖ్యము: ఇతరుని ముక్కను తాకరాదు; కూర్పవలసిన మాటను పలుకరాదు, దాని గుణములను మాత్రమే చెప్పవచ్చును. “అది తీయగా నుండును, వేసవిలో వచ్చును” అని ఒకరు చెప్పగా, రెండక్షరముల ఫలము పేరును క్రొత్తవాడే కూర్చుకొనును. కొంతకాలమునకు గుణింతపు గుర్తులు రెండవ పేకగా చేరును. పిదప వత్తులు మూడవ పేకగా చేరును. నియమము మాఱదు. ఇది ఉత్కళ మార్గమే.

కాని పొత్తుతోనే ఏడాది గడపుట సాధ్యము గాదు. నేర్చిన పిల్లలు కొన్ని వారములకు విసుగు చెందుదురు. గెలుపుకై వారి చేతులు త్వరపడును. అది దోషము గాదు, వయోధర్మము. కావున మాసాంతమున తరగతిని రెండు జట్లుగా విభజించి, ప్రతి జట్టునను క్రొత్తవారుండునట్లు చేసి, క్రొత్తవాడు కూర్చిన మాటకు రెట్టింపు గుణము లెక్కింతుము. అపుడు నేర్పరులు క్రొత్తవానికై పోటీపడుదురు. జతయాటలోని చిఱచిఱ అచట కనబడదు; అతని నేర్పే తమ లాభమని వారికి తెలియును.

ఫలితార్థము

పై చరిత్రవలన మూడు విషయములు తేలుచున్నవి. పేక పెరుగుట ఆటకు హాని గాదు. నియమము స్థిరముగా నున్నచో పెంపు మేలే. పోటీ క్రొత్తవానికి శత్రువు గాదు, పొత్తు తనంతట మిత్రము గాదు. మొదటిదానియందు జతగాడును, రెండవదానియందు పెద్దల మౌనమును ఉన్నపుడే క్రొత్తవాడు ఆటగాడగును. క్రొత్తవాని ఓటమిపై బ్రతుకు ఆట ఎంత తీయగా పిలిచినను అది ఆహ్వానము గాదు.

గంజీఫా దాదాపు నశించినదనుట సత్యమే గాని అది తుదిమాట గాదు. మహారాష్ట్రమునందలి సావంతవాడి రాజకుటుంబము 1970 దశకమున పూనుకొని ఆ చిత్రకళను నిలువబెట్టినది. మైసూరున నేటికిని చిత్రకారులు ఆ ముక్కలను వ్రాయుచున్నారు. అయితే నేడు వానిని కొనువారిలో పెక్కురు గోడలకు అలంకరింతురే గాని ఆడరు. చిత్రము బ్రతికినది, ఆట వారసులను కోల్పోయినది. భాష విషయమున ఈ పరిణామము మనకు రాకూడదు. వేదికమీద అలంకారముగా మాత్రము మిగిలిన తెలుగు, గోడమీది గంజీఫా ముక్కవంటిదే.

కావున మన సంఘసభ్యులకు ఒక విన్నపము. మీ యిండ్లలోని వృద్ధులు ఏయే పేకాటలను ఏయే పేరులతో ఆడిరో, ముక్కలకు ఏ మాటలు వాడిరో వారి నోట విని వ్రాసియుంచుడు. పులికాటునుండి ఎన్నూరు వఱకు గల తెలుగు పల్లెలలో ఇట్టి పదసంపద యింకను దొరకును. సంఘము సమావేశమగునపుడు ఒక బల్లను పిల్లలకును, క్రొత్తగా ఊరికి వచ్చిన కుటుంబములకును ప్రత్యేకించి, అచట మొదటి ముక్కను వారిచే దింపింపుడు.